వేపమండ కట్టిన గడప

"ఈ పొద్దు ఆ గడప తొక్కాల్సిందే!" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"తొక్కు నాయనా, తొక్కు. ఊరోళ్ళు నీ వీపు తొక్కేటప్పుడు మాత్రం నన్ను పిలవబాక," అన్నాడు కరుణాకరం, చంకలోని టీకాల పెట్టె అరుగు మీద పెడుతూ.

కరుణాకరం మార్కాపురం తాలూకా టీకాల ఉద్యోగి. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఆయన సూది చూసి ఏడవని బిడ్డ లేదు. లక్ష్మీనరసయ్య ఆయన వెంట తిరిగి పని నేర్చుకుంటున్న విద్యార్థి. రెండు నెలలు ఇలా ఊళ్ళు తిరిగి, పనిమంతుడని ఆయన చేత రాయించుకుంటేనే సర్టిఫికెట్టు. ఇక మూడు రోజులే మిగిలాయి. ఇలాంటప్పుడు గురువుతో పేచీ పెట్టుకునే శిష్యుడు ఎవడైనా ఉంటాడా? ఉన్నాడు. ఎందుకంటే ఎదురుగా ఉన్నది అతని అక్క రోశమ్మ ఇల్లు. లోపల రెండేళ్ళ మేనకోడలు కృష్ణమ్మ ఉంది. తలుపుకేమో వేపమండ కట్టి ఉంది.

వేపమండ కట్టారంటే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని, అంటే మశూచి వచ్చిందని గుర్తు. పరాయివాళ్ళు లోపలికి పోరాదు. సర్కారు రూలు ఎలా ఉన్నా కరుణాకరం రూలు అంతకన్నా గట్టిది. మండ కనబడితే పుస్తకంలో ఆ ఇంటికి గీత కొట్టి ముందుకు సాగిపోవడమే. వయసులో ఉండగా కనిగిరి వైపు అలాంటి ఒక ఇంట్లోకి పోయి, తన్నులు తిని వచ్చాక పెట్టుకున్న రూలు అది.

"అయ్యా, ఒక్కమాట వినండి," అన్నాడు లక్ష్మీనరసయ్య. "నెల కిందట మనమొచ్చినప్పుడు గూడా ఈ తలుపుకు మండ ఉంది గదా?"

"ఉంది. నువ్వు వీధిలో నిలబడి ఏడ్చినావు. బేస్తవారిపేట దాకా ముక్కు చీదుకుంటానే నడిచినావు."

"పిల్ల బాగనే ఉందని పదిహేను దినాల కిందట సంతలో ఒకాయన చెప్పినాడు. అంటే అమ్మవారు పోసి తగ్గిపోయిందనే గదా! ఒకసారి పోసిన ఒంటికి మళ్ళా పోయదని మీరే చెప్పినారు. అక్కకూ బావకూ చిన్నప్పుడే పోసింది, ముఖాల మీద మచ్చలు మీరే చూసినారు. మరి ఈ పచ్చి మండ ఎవరికోసం?"

కరుణాకరం అప్పుడు తలెత్తి చూశాడు. నిజమే, మండ పొద్దున కోసినట్టు నిగనిగలాడుతోంది. ముసలాయన నెమ్మదిగా పెట్టె చేతికి తీసుకున్నాడు.

"దొంగ మండరా ఇది! ఇదే గాదు, పోయినసారి ఈ ఊర్లో పదకొండు తలుపులకు చూసినాం గదా, అన్నీ దొంగవే అయ్యుంటాయి. మండ చూస్తే మనం తిరిగిపోతామని ఎవడో గుట్టు బయటపెట్టినాడు."

"ఎవరంటారు?"

"ఇంకెవరు? మునసబు వెంకటసుబ్బయ్య. మన పుస్తకంలో గీతలు చూసేది ఈ ఊర్లో ఆయనొక్కడే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

లక్ష్మీనరసయ్యకు మునసబు మీద పీకలదాకా కోపం వచ్చింది. కానీ అంతకు మించి సంతోషం వచ్చింది. మండ దొంగదైతే పిల్ల గట్టిగా ఉన్నట్టే. నెల రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. "దొరికినావే అక్కా! టీకాలేసే తమ్ముడికే టోపీ పెడతావా?" అని అరుస్తూ, మండను పక్కకు నెట్టి లోపలికి దూసుకుపోయాడు.

ఇంట్లో తాలింపు వాసన లేదు. అమ్మవారున్న ఇంట్లో పోపు పెట్టరని అతనికి తెలుసు. అడుగు దానంతటదే ఆగిపోయింది.

నులక మంచం నిండా వేపాకు పరిచి ఉంది. దాని మీద కృష్ణమ్మ పడుకుని ఉంది. ముఖం ఆనవాలు లేదు, కళ్ళు పూడుకుపోయాయి. పక్కన నేల మీద కూర్చుని రోశమ్మ మండతో విసురుతోంది. తమ్ముణ్ణి చూసి లేవలేదు.

లక్ష్మీనరసయ్య వెనక్కి తిరిగి, తన వెనకే లోపలికి వచ్చిన గురువు చేతిలోని పెట్టె లాగబోయాడు. కరుణాకరం ఆ చేయి పట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకు నాయనా?" అన్నాడు మెల్లగా. పిల్ల వంక ఇంకొకసారి చూసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ఇలాంటి పసిముఖాలు చాలా చూశాడు, అందులో తేరుకున్నది ఒక్కటీ లేదు.

"అక్కా, నెల కిందట నిజంగానే పోసిందా? పోసుంటే మళ్ళా ఎట్ల పోస్తాది?"

"అప్పుడు పోయలేదురా. అప్పుడు దూడ వెంట పరిగెత్తతా ఉండె నా తల్లి. సూది గుచ్చితే అమ్మకు కోపమొస్తాదని భయపడి నేనే కట్టినా మండ. నిజంగా పోసింది ఇప్పుడు, తొమ్మిది దినాలాయ."

లక్ష్మీనరసయ్య అక్కడే కూలబడ్డాడు. ఆ దుఃఖం, ఆ కోపం అన్నీ కలిసి ఎవరో ఒకరి మీద పడాలి. పళ్ళు పటపట కొరికాడు.

"మండ కడితే మేము లోపలికి రామని నీకెవరు చెప్పినారు? ఆ మునసబేనా? చెప్పక్కా, ఈ పొద్దు వాణ్ణి వదిలిపెట్టను!"

రోశమ్మ విసరడం ఆపింది. తమ్ముడి ముఖంలోకి వింతగా చూసింది.

"ఏందిరా అట్లడుగుతావు? ఆ పనిలో చేరిన వారానికే వచ్చి, ఈడనే కూర్చుని, నా చేతి సంగటి తింటా నువ్వే గదరా చెప్పినావు! మా తమ్ముడు సర్కారు మనిషి, అబద్ధం చెప్పడని మండ కట్టిన మిగతా పది ఇండ్లకూ పోయి నేనే చెప్పొచ్చినా."