చెల్లుకు చెల్లు

తమ ప్రతిపాదన ఒక్క ఓటు తేడాతో ఓడిపోయిన మర్నాడు, నొవెల్లా తలుపు కూడా తట్టకుండా స్నేహితురాలు వెర్లీన్ వంటింట్లోకి వచ్చేసింది.

“ఓటేసినవాళ్ల జాబితా చూసొచ్చాను. అందులో నీ పేరు లేదు. నిజమేనా వెర్లీన్?”

వెర్లీన్ తల ఎత్తలేదు. భర్త డెల్మర్ అంత్యక్రియల రోజున ఊరివాళ్లు వంటలు తెచ్చిన గిన్నెలను, అడుగున అంటించిన పేర్లు చూసి వరసపెడుతోంది. మూడు వారాలుగా అదే పని. పెట్టిన వరస చెరిపి మళ్లీ పెడుతోంది.

“నిజమే.”

“నాలుగు నెలలు ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. కౌంటీ బడులకు సూపరింటెండెంటుని ఓట్లతో ఎన్నుకోవడం చాలు, చదువు చెప్పడం తెలిసినవాణ్ణి బోర్డు నియమించాలని గొంతులు పోయేలా చెప్పాం. తీరా ఆ రోజు నువ్వు ఇంట్లో కూర్చున్నావు. మళ్లీ సూపరింటెండెంటుగా ఆ ఫుట్‌బాల్ కోచే మన నెత్తిన.”

“నా మూడో తరగతిలో పదకొండు మందికి చదవడం రాదు. నాకు తెలియదా?”

“తెలిసి ఎందుకు మానావు?”

వెర్లీన్ గిన్నె కింద పెట్టి కిటికీ దాకా నడిచింది. బయట ఫ్లోరిడా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తిరిగి వచ్చి అదే గిన్నె చేతిలోకి తీసుకుంది.

“డెల్మర్‌కి మాటిచ్చాను. చెల్లుకు చెల్లు అని. ముప్పై ఏళ్లుగా ఏ ఎన్నికైనా ఆయనదొక వైపు, నాదొక వైపు. ‘నీ ఓటూ నా ఓటూ కొట్టుకుపోయేవే, పెట్రోలు దండగ’ అని ఇద్దరం మానేసి ఏటి గట్టున గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఈసారీ చేతిలో చెయ్యి వేసుకున్నాం.”

“మరి నాతో ఊరంతా తిరిగావుగా?”

“తిరగొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. ఓట్లతో గెలిచినవాడైతే మన వాకిట్లోకి వచ్చి జవాబు చెప్తాడని ఆయన వాదన.”

“వాకిట్లోకి వస్తాడు, ఓట్ల కోసం వేయించిన మల్లెట్ చేపలు పంచుతాడు, పోతాడు,” అంది నొవెల్లా. తరవాత గొంతు తగ్గించింది. “డెల్మర్ లేడు కదా తల్లీ. ఇంకా ఒప్పందం ఎవరితో?”

“ఆయన వెయ్యలేడని తెలిసి నేను వెళ్లి వేస్తే అది దొంగాట.”

నొవెల్లా కుర్చీలో కూలబడింది. “నీ ఒక్కటి పడితే సమానమయ్యేది. ఇంకొక్కటి ఎవరైనా వేసి ఉంటే గెలిచేవాళ్లం.”

కాసేపటికి నొవెల్లా లేచింది.

“చర్చికి ఇస్తానన్న డెల్మర్ బట్టలేవి? అవైనా పట్టుకుపోతాను.”

వెర్లీన్ తలుపు వెనక నుంచి డెల్మర్ చేపల వేటకు వేసుకునే కోటు తీసింది. గాలపు కొక్కేలేమైనా ఉంటాయేమోనని జేబులు తడిమింది. లోపలి జేబులో రెండు కొక్కేలతోపాటు ఒక కవరు దొరికింది. మీద కౌంటీ ఎన్నికల ఆఫీసు చిరునామా. పోస్టులో పంపే ఓటు. అతికించేసి ఉంది. వెనక డెల్మర్ సంతకం, పోవడానికి రెండు రోజుల ముందు తేదీ.

నొవెల్లా లాక్కుని చూసింది. “ఇదిగో మాట మీద నిలబడ్డ నీ పెద్దమనిషి. చేతిలో చెయ్యి వేసి మరీ చెయ్యిచ్చాడు. నువ్వేమో ఆయన కోసం ఇంట్లో కూర్చున్నావు.”

ముప్పై ఏళ్లు. ఇలా ఎన్నిసార్లు? వెర్లీన్ కవరు వెనక్కి తీసుకుంది. అంచు చింపింది.

లోపలి కాగితం మీద ఒకటే ప్రశ్న. ‘బోర్డు నియమించాలి’ అన్నదాని పక్కనున్న సున్నా, గీత దాటకుండా, నల్లగా నింపి ఉంది.

నొవెల్లా ఏదో అడుగుతోంది. వెర్లీన్ కవరు మళ్లీ ముందువైపుకి తిప్పింది.

స్టాంపు ఒక్కటే అంటించలేదు.