గురువుగారి మెడ మీద గాటు

“ఈ గాటు మాత్రం కెమెరాకి చిక్కకూడదు బాబూ,” అన్నాడు గురువు, మెడకి చుట్టుకున్న తెల్లగుడ్డ విప్పి కుర్చీ మీద వేస్తూ. లైట్లకి మెరుస్తుందని ఆ గుడ్డ తీసేయమన్నారు స్టూడియోవాళ్లు.

మేకప్‌మ్యాన్ చేతిలో స్పాంజి ఆగిపోయింది. మెడ కింది భాగంలో, అడ్డంగా, నాలుగు వేళ్ల వెడల్పున కుట్ల గీత. అదేమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా అక్కడే పెద్దాసుపత్రి డాక్టరు అతని భార్య మెడ మీద వేలితో గీసి చూపించాడు. “ఇక్కడ కోసి గడ్డ తీసేస్తాం. సోమవారం పొద్దున తీసుకురా. ఇంకా నాన్చితే నా చేతిలో ఉండదు.”

రేపే సోమవారం. ఆవిడదేమో నాలుగు నెలలుగా ఒకటే పాట: “గురువుగారి చెయ్యి ఉండగా నాకు కత్తెందుకండీ!” శనివారం శనివారం వెళ్లి ఈయన ముందు కళ్లు మూసుకుని కూర్చుని వస్తుంది. ఈయన అరచేతుల్లోంచి శక్తి వచ్చి గడ్డని కరిగిస్తుందట.

“ఆపరేషనా అండీ?” అన్నాడు, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

“ఏడేళ్లయింది.” గురువు అద్దంలోంచి చూశాడు. “చేతుల్తో నయం చేసేవాడే కత్తి కింద పడుకున్నాడంటే జనం ఊరుకుంటారా? మళ్లీ నా మాట వింటారా?”

“ఎందుకు వింటారండీ!” అన్నాడు మేకప్‌మ్యాన్.

పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి దగ్గాడు. మేడ మీంచి ఆకాశంలో ఎగిరే పళ్లేలు చూశానని చెప్పడానికి వచ్చాడాయన. “నాకూ కాస్త ఎక్కువ పుయ్యవయ్యా. మొహం తేటగా లేకపోతే తాగి చూశాననుకుంటారు.”

“పళ్లేల్లో ఏమన్నా వడ్డించారా సార్?” అని నవ్వాడు గురువు.

“మీ చేతుల్తో ఈ బల్బు వెలిగించండి, చెబుతాను.”

మేకప్‌మ్యాన్ నవ్వలేదు. డ్రాయరు లాగాడు. అందులో రెండు డబ్బాలున్నాయి. ఒకటి చెమట పట్టినా, బిందెడు నీళ్లు కుమ్మరించినా ఊడని రంగు. రెండోది తడి తగిలితే కారిపోయే చవక సరుకు, రెండు నిమిషాల్లో లేచిపోయేవాళ్లకి పూసేది. పాతికేళ్ల సర్వీసులో ఏ మొహానికి ఏది పుయ్యాలో అతని చెయ్యి ఎప్పుడూ పొరబడలేదు. ఇవాళా పొరబడలేదు. రెండోదే తీశాడు.

“భేష్,” అన్నాడు గురువు మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని. “అసలు శక్తి నీ చేతుల్లో ఉందయ్యా.”

ప్రోగ్రాం లైవు. ఇంట్లో ఆవిడ టీవీకి అతుక్కుపోయి ఉంటుంది. గురువు వస్తున్నాడంటే పొయ్యి మీద ఏది మాడినా లేవదు. మేకప్‌మ్యాన్ కెమెరా వెనక నిలబడి మానిటర్ మీంచి కళ్లు తిప్పలేదు.

ముందు పళ్లేల గొడవ నడిచింది. “అది బెలూనండీ,” అంటాడు ఎదురుగా కూర్చున్న సర్జన్. “బెలూను ఉన్నచోటే గిర్రున తిరుగుతుందా?” అంటాడు పెద్దమనిషి. “గాలి తిరిగినా తిరుగుతుంది, చూసేవాళ్ల తల తిరిగినా తిరుగుతుంది!” యాంకరమ్మ పగలబడి నవ్వి గురువు వైపు తిరిగింది.

గురువు ప్రాణశక్తి గురించి అందుకున్నాడు. లైట్ల వేడికి చెవి పక్కనుంచి ఒక చుక్క బయల్దేరింది. దాని వెనకే ఇంకోటి. మెడ మీద రంగు చారలు కట్టింది, కాలరు గోధుమరంగు తిరిగింది. గాటు కొట్టొచ్చినట్టు బయటపడింది.

సర్జన్ కళ్లజోడు సవరించుకున్నాడు. “గురువుగారూ, మెడ మీద అదేమిటి?”

గురువు చెయ్యి మెడ మీదికి పోయింది. అరచేతినిండా రంగు.

“గొంతు గడ్డ తీసిన కోత అది. వారానికి నాలుగు కోస్తాను, నాకు తెలియదా? మీ శక్తి మీ గడ్డకి పనికిరాలేదేం? వచ్చేవాళ్ల గడ్డలకేనా?”

టీవీ నిండా గురువు మెడే నింపారు స్టూడియోవాళ్లు. గురువు నోరు తెరిచాడు. లైట్ల అవతల చీకట్లో ఉన్న మేకప్‌మ్యాన్ వైపు ఒక్కసారి చూశాడు. అంతలో ప్రకటనలు పడ్డాయి.

మేకప్‌మ్యాన్ వరండాలోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ కొట్టాడు.

“చూశావా?”

“చూశానండీ.” ఆవిడ గొంతు పీలగా ఉంది.

“తను హాయిగా కోయించుకుని, నిన్ను నాలుగు నెలలు కూర్చోబెట్టి చేతులూపాడు! ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?”

“వచ్చింది. వట్టి అబద్ధాలకోరు. ఇక ఆ మనిషి మాట ఒక్కటి నమ్మితే ఒట్టు.”

అతను గోడకి జారగిలబడ్డాడు. నాలుగు నెలలకి గుండెల నిండా ఊపిరి అందింది. “సరే, రెండు జతల బట్టలు సర్దుకో. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.”

“పొద్దుటే సర్దానండీ. ఇప్పుడే తీసి బీరువాలో పెట్టేశాను.”

“పెట్టేయడమేమిటే?”

“నిన్న ఆయనే నన్ను కూర్చోబెట్టి, ‘ఇది నా వల్ల కాదమ్మా, భయపడకుండా ఆపరేషన్ చేయించుకో’ అన్నాడు. ఆ మాట పట్టుకునే రేపు వద్దామనుకున్నాను. మీరే చెప్పండి, ఇంత అబద్ధాలకోరు చెప్పాడని పోయి మెడ కోయించుకోనా?”