డిస్కు కరిగింది

ఇంట్లో కుర్చీలోంచి లేవబోయిన బస్సు డ్రైవరు, "అమ్మా!" అంటూ మళ్లీ కూలబడ్డాడు. నడుములో మొదలైన పోటు తొడ వెనకగా పాకి బొటనవేలిదాకా జివ్వున దిగింది.

"ఇక నా వల్ల కాదు. ఆపరేషనే చేయించేసుకుంటా."

"నోర్మూసుకుని లేవండి," అంది అతని భార్య. "డాక్టరేమన్నాడు? జారిన డిస్కు ముక్కని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుందన్నాడా లేదా? పడుకోనివ్వకుండా నడిపించమన్నాడు. మీ బస్సు మొరాయిస్తే జనాన్ని దింపి తోయించేవారుగా! ఇప్పుడు మీ వంతు."

అతను నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించాడు. ఆమె భుజం ఆసరా ఇచ్చింది. కత్తి పడితే మనిషి మళ్లీ స్టీరింగు ముందు కూర్చోగలడో లేదోనని ఆమె భయం.

టైలరు షాపుకి వెళ్లడం మానేసింది. కాజాలు కుట్టే పని ఇంటికే తెచ్చుకుంది. తెల్లారగానే అతని నడుముకి వేడినీళ్ల సంచీ పెట్టేది. సాక్సులు తొడిగేది. ముందు గదిలో గోడ నుంచి గోడకి, తర్వాత వరండాలో, ఆ తర్వాత వీధిలో నడిపించింది. అతను తిట్టేవాడు. తిడుతూనే నడిచేవాడు.

సాయంత్రమైతే ఫోన్ మోగేది.

"ఎలా ఉందక్కా ఇవాళ?"

"వీధి మలుపుదాకా వెళ్లొచ్చారు. కర్ర కూడా పట్టుకోలేదు!"

"చంటిదానితో నేను రాలేకపోయాను. అంతా నీ నెత్తినే పడింది."

"దానికేముందే, నువ్వు పిల్లని చూసుకో."

ఆ మాటలో గర్వం దాగేది కాదు. ఇన్నేళ్లలో అతను ఆమె కోసం ఇంతగా వెతుక్కున్నది లేదు. "ఏయ్, ఎక్కడ చచ్చావ్?" అని గదిలోంచి అరిస్తే చాలు, సూది వేల్లో దిగినా ఆమెకి తెలిసేది కాదు.

కొత్త స్కానింగు చూసి డాక్టరు తల పంకించాడు. "ముక్క దాదాపు కరిగిపోయింది. కత్తితో పని లేదు. మీ ఆవిడ చేతిలో పడ్డారు కాబట్టి గట్టెక్కారు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, డాక్టరు ముందే.

ఇంటికొచ్చి ఆమె స్టవ్ వెలిగించి వచ్చేసరికి, అతను తనే వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. సాయానికి చాపిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

బయట ఆటో ఆగింది.

చంటిబిడ్డని చంకనేసుకుని దిగిన అతని రెండో భార్య, అప్పుడే బరువులెత్తకూడదంటూ అతని సంచీ తనే అందుకుని, "వస్తామక్కా," అంది.