అడగని డాక్టరు

"వేలు పెట్టవ్వా," అన్నాడు ఉమామహేష్ మళ్లీ.

సోమక్క బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. "ముందు డాక్టర్ని చూపియ్యి. ఆనక వేలు."

మద్దేడ్‌లో సర్కారు కార్డులు చేసే చాయిస్ సెంటర్ అది. వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. డెబ్బై దాటినవాళ్లకు సర్కారు వేరుగా ఇచ్చే ఆస్పత్రి కార్డు కోసం వచ్చారు. ఊళ్లో ముసలివాళ్లందరూ వేలు ఆనించి, ఫోటో దిగి చక్కా పోతున్నారు. సోమక్క ఒక్కతే పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చుంది.

"డాక్టరు నా దగ్గరుంటడా? కార్డు చేసుకుంటే వీటిల్ల ఏ దవాఖానకైనా పోవచ్చు," అని ఉమామహేష్ ఫోనులో పేర్లు చదవబోయాడు.

"పేర్లు నాకెందుకురా? మంచిగ చూసేటోడెవడో చెప్పు."

"అది సర్కారు రాయలేదవ్వా."

"అయితే నేనే చూసుకుంట. పద పిల్లా."

కోడలు కల్యాణి తల పట్టుకుంది. గాజులు మోచేతి దాకా జారాయి.

"వదినా, ముసలమ్మకు ఏమైంది?" గొంతు తగ్గించి అడిగాడు ఉమామహేష్.

"అదే చెప్తలేదు తమ్మీ."

"రేషన్ కార్డు మీద నీ ఆస్పత్రి కార్డు ఎప్పుడో చేసిన గదా. ఎన్నడన్న వాడినవా?"

"నాకేంది? ఏం లేదు," అంటూ కల్యాణి అత్త వెనకే పరుగెత్తింది.

కల్యాణి దిగులంతా అదే. ఇప్పపువ్వు రాలడం మొదలైనప్పటి నుంచి అత్త తీరు మారిపోయింది. నాలుగడుగులు వేసి "మోకాళ్లే" అని చతికిలబడుతుంది. చెట్ల కిందికి పోతే గంప నిండకుండానే ఇంటికి పదమంటుంది. ఏమైందని అడిగితే నవ్వుతుంది. భర్త చూస్తే లారీ తోలుకుని వైజాగ్ పోయాడు. ఆయన వచ్చేలోగా ఈవిడకేమన్నా అయితే? చిన్నప్పుడే తల్లి పోయిన కల్యాణికి అమ్మయినా, అత్తయినా ఈ మొండిమనిషే.

మొదటి డాక్టరు భోపాల్‌పట్నంలో దొరికాడు.

"క్యా తక్లీఫ్ హై, మాజీ?" ఏం బాధమ్మా అని హిందీలో అడిగాడు.

సోమక్క బల్ల మీద చెయ్యి చాపింది. ఆయన చెయ్యి వంక చూశాడు. ఆమె వంక చూశాడు. "హాత్ మే దర్ద్?" అన్నాడు, చేతిలోనే నొప్పనుకుని.

సోమక్క లేచి వచ్చేసింది.

బీజాపూర్‌లో రెండో ఆయన తలెత్తకుండానే అడిగాడు, తలెత్తకుండానే మందులు రాశాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

"ఎక్కడ నొప్పో నోటితోటి చెప్పొచ్చు గదత్తా!" బయటికి రాగానే కల్యాణి విరుచుకుపడింది.

"మా తల్లిగారూరు పామేడు దిక్కు ఎవరు చెప్తరే? చెయ్యి ఇస్తం. నాడి పట్టినాయనే చెప్తడు."

"ఇది పామేడా? అడుగుతరు, చెప్పాలె."

"అడిగితే అందరు నిజమే చెప్తరా?"

కల్యాణి అత్త మొహంలోకి చూసింది. ఏదో దాస్తోందన్నమాట. ఆ రోజే ఇంకెవరినైనా చూపించాల్సిందేనని పట్టుబట్టి, జగదల్‌పూర్ బస్సెక్కించింది. సంచీ తనే మోస్తానంటే ముసలమ్మ ఒప్పుకోలేదు. లాక్కుని చంకన పెట్టుకుంది.

అక్కడి ఆస్పత్రిలో డాక్టరు గది పై అంతస్తులో ఉంది. సగం మెట్లెక్కి సోమక్క కూర్చుండిపోయింది.

"మోకాళ్లే."

కల్యాణి కూడా పక్కనే కూలబడి కొంగుతో చెమట తుడుచుకుంది. జగదల్‌పూర్ ఎండ మాడ్చేస్తోంది మరి. ఇద్దరూ కాసేపలా కూర్చుని, లేచి, మళ్లీ ఒకచోట కూర్చుని, ఎలాగో పైకి చేరారు.

డాక్టరు ప్రసన్నకుమారి కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో, వైజాగ్ వైపు నుంచి వచ్చిన తెలుగింట పుట్టి పెరిగిన మనిషి. వచ్చింది తెలుగువాళ్లని తెలియగానే ఆమె మొహం విప్పారింది.

"ఏటి పెద్దమ్మా, ఏటైంది?"

సోమక్క చెయ్యి చాపింది.

కల్యాణి కళ్లు మూసుకుంది. ఇక లేచి వచ్చేయడమే.

"చెప్పవా? సరేలే." కుర్చీ దగ్గరికి జరుపుకుని ప్రసన్నకుమారి ఆ చెయ్యి అందుకుంది. నాడి చూసింది. గోళ్లు తిప్పి చూసింది. కింది రెప్ప లాగి చూసింది. పాదాలు నొక్కింది, మోకాళ్లు వంచింది, గుండె మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు.

"నీకేటీ లేదు పెద్దమ్మా," అంది చివరికి. "గుండె భేషుగ్గా ఉంది. మోకాళ్లయితే నావాటికన్నా నయం."

"మోకాళ్లా?" కల్యాణి నోరు తెరిచింది. "మెట్టుమెట్టుకు కూసుంటది మేడం!"

"ఎందుకు కూకుంటోందో నాకు తెలీదు. నొప్పికి మాత్రం కాదు."

కల్యాణికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అత్తా! పైసా జబ్బు లేకుండ నన్ను ఇంత తిప్పుతవా? నా పానం తోడేస్తివి గదనే!"

సోమక్క పట్టించుకోలేదు. డాక్టరునే చూస్తోంది, సంతలో మంచి ఎద్దును చూసినట్టు. "దొరికినవు బిడ్డా. ఊరికి పోంగనే ఆ పోరనికి వేలు పెడ్త."

"జబ్బే లేనిదానివి, నాకోసం ఎందుకు ఎతికినావు?"

"అడిగితే ఏం లేదు, ఏం లేదనే మనుషులుంటరమ్మా. అసుంటోళ్లను అడగకుండ పట్టి చూసేటామె కావాలె."

ప్రసన్నకుమారి పకపకా నవ్వింది. "అయితే తీసుకురా, ఎవరో ఆ మొండిమనిషి."

సోమక్క కల్యాణి చెయ్యి తీసి డాక్టరు చేతిలో పెట్టింది.