తాటిచెట్టుకు కట్టిన తాళ్లు

“ఆ తాళ్లెందుకు?”

కొత్త వార్డరు గొంతు విని ముసలాయన వెనక్కి తిరిగాడు.

“చెట్టుకి సార్. గాలికి ఊగకూడదు.”

రెండు నెలల క్రితం ఎక్కడి నుంచో తవ్వి తెచ్చి, జైలు పెరట్లో నాటిన తాటిచెట్టు అది. మామూలు తాడి కాదు, మంచునైనా తట్టుకునే కొండజాతి.

“చలికి తట్టుకుంటుందన్నారుగా? మరి దీనికింత సేవేమిటి?”

“వేరు పట్టాక తట్టుకుంటుంది సార్. ఇప్పుడు ఊగితే కొత్త వేళ్లు తెగిపోతాయి. నెత్తిన చిగురేసే మొవ్వు ఎండిందంటే ఇక చెట్టు పోయినట్టే.”

చలికి కంబళ్లు కప్పుకుని పాదులు చేస్తున్న ఖైదీలు నవ్వారు.

“మా మొవ్వుతాత కన్నకూతురికైనా ఇంత చాకిరీ చెయ్యడు సార్!”

వార్డరు నవ్వలేదు.

అతనొచ్చి పదిరోజులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ పెరడే. నాలుగు గోడలు, పైన ఆకాశం ముక్క. వచ్చిన మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“వీళ్ల శిక్షకో తేదీ ఉంది. నాకదీ లేదు” అన్నాడు భార్యతో ఫోన్లో.

పైగా అతని ముందున్న వార్డరు ఉద్యోగం ఒక ఖైదీ గోడ దూకడంతోనే ఊడింది.

అందుకే అతని కళ్లు ముసలాయన మీదే ఉన్నాయి. ఆయన ఒకరోజు గోనెసంచులు అడిగాడు. ఇంకోరోజు పొడుగాటి కర్రలు. నీళ్లు లోపలిదాకా దిగాయో లేదోనంటూ చేత్తో మట్టి తవ్వుతాడు. ఇప్పుడు తాళ్లు.

కర్రలు, తాళ్లు, పక్కనే గోడ. ఇంకేం కావాలి?

“విప్పెయ్.”

“గాలి లేస్తోంది సార్. ఈ ఒక్క చలికాలం...”

“విప్పమన్నానా!”

ముసలాయన చేతులు కదల్లేదు. వార్డరే తాళ్లు కోసేశాడు. కర్రలు పీకించాడు.

“రేపు ఈ పెరట్లో కనిపించావో, చీకటి కొట్లో పడేస్తా.”

ముసలాయన మొవ్వు చుట్టూ గోనె సర్ది, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దునకి చెట్టు ఒరిగిపోయి ఉంది. మొదట్లో మట్టి పగిలి, తెల్లటి పిల్లవేళ్లు తెగి కనిపిస్తున్నాయి.

చెట్టు నిలబెట్టించాలని వార్డరు ముసలాయన కోసం బ్యారకుకి వెళ్లాడు. లేడు. వంటగదిలో లేడు. కుట్టుమిషన్ల దగ్గరా లేడు.

ఈల ఊదాడు. గంట మోగింది. అందరినీ వరసలో నిలబెట్టి రెండుసార్లు లెక్కపెట్టారు.

జైలరు పరుగున వచ్చాడు. “ఎవరు తగ్గారు?”

“మొవ్వుతాత సార్! పారిపోయాడు!”

“లెక్కెంత వచ్చింది?”

“అదే అర్థం కావట్లేదు సార్... సరిగ్గానే ఉంది.”

జైలరు ఒరిగిన చెట్టు వైపు నడిచాడు.

“పొద్దున గేటు దాకా వచ్చాడట. ‘లోపల కొత్త సారు వద్దన్నారు, ఇక రాను’ అని చెప్పి వెళ్లిపోయాడట.”

“గేటు దాకానా? అసలు బయటికెలా వెళ్లాడు సార్?”

“ఆయన్నెవరు ఆపుతారయ్యా? ఈ చెట్టు నాటిన మర్నాడే ఆయన శిక్ష అయిపోయింది. ఇది వేరు పట్టేదాకా రానివ్వమని బతిమాలుకుని, రోజూ తనంతట తనే లోపలికొస్తున్నాడు.”