ఆవును పూడ్చొద్దన్న మనిషి

రత్నమ్మ ఆవు చచ్చిపోయింది.

తెల్లారి చూస్తే టమాట తోట గట్టు మీద మెడ విరిగి పడి ఉంది. వెనక తొడ సగం లేదు.

సదుం పక్కన కొండ కింది ఆ పల్లెకు చిరుతలు కొత్త కాదు. కానీ ఈ అడుగులు అరచెయ్యి కంటే పెద్దవి. కుర్రాళ్లు ఫొటోలు తీసి అందరి ఫోన్లకూ పంపారు. ఫారెస్టోళ్లకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం పుంగనూరు బస్సులోంచి ఒక మనిషి దిగాడు. యాభై దాటి ఉంటాయి. చంకలో గుడ్డసంచి, చేతిలో కర్ర. నేరుగా తోటకు నడిచి, అడుగుల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దపులే. ఆవును కదిలించొద్దండి. పూడ్సొద్దండి."

ఊరి పెద్ద గంగులప్ప ఎగాదిగా చూశాడు. "నువ్వెవురప్పా? ఫారెస్టు మనిసివా?"

"కాదు. నా పేరు మునెప్ప. మాది కుప్పం. కర్ణాటకలో అడివి పక్కన పదేండ్లు కౌలు చేస్తిని. పులి సంగతి తెలుసు."

"ఏం తెలుసు?"

"దానిది ఒంటి బతుకప్పా. పదిసార్లు దూకితే ఒకసారి దొరికేది కష్టం. అందుకే దొరికిందాన్ని వదల్దు. మూడు నాలుగు దినాలు వచ్చి తింటాది, దాని దోవన అది పోతాది. మనిసిని చూస్తే అదే తప్పుకుంటాది."

"పూడిస్తే?"

"ఆకలితో ఎతుక్కుంటా ఈడే తిరుగుతాది."

"పులికి మేనమామ లాగుండాడే," అన్నారెవరో. నలుగురు నవ్వారు. చావు దగ్గర కూడా మనకు నవ్వడానికి ఒక సందు దొరుకుతుంది.

రత్నమ్మ నవ్వలేదు. మొగుడు పోయాక ఆమెనూ, కొడుకు రెడ్డెప్పనూ సాకింది ఆ ఆవే. దాని దూడ ఇంటి దగ్గర అరుస్తూనే ఉంది.

"అన్నం పెట్టిన తల్లిని పులికి మేపమంటావా? మీ ఇంట్లో అయితే అట్లే చేస్తావా?"

మునెప్ప ముఖం పాలిపోయింది. "మా ఇంట్లో ఏం జరిగిందంటే తల్లీ..."

"సావు కాడ నీ ఇంటి పురాణం యాల?" గంగులప్ప మాట తుంచేశాడు. "గుంత తవ్వండప్పా."

తోటలోనే, మోటారు కొట్టం పక్కన తవ్వారు. ఆవుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొత్త చీర కప్పి, ఉప్పు పోసి పూడ్చారు. ఎవరూ ఏ లోటూ చెయ్యలేదు. ఆ ఊరు అంత భక్తిగా చేసిన పని ఇంకొకటి లేదు.

సాయంత్రం మునెప్ప ఇంటింటికీ తిరిగాడు.

"నాలుగు దినాలు తోటల్లోకి పోవద్దండి. పోతే నలుగురు పోండి, గట్టిగా మాట్లాడతా పోండి. ఒంటిగా వంగి పని చెయ్యొద్దండి."

కొందరు వినకముందే తలుపేసుకున్నారు.

మోటార్లకు కరెంటు తెల్లవారుజామున ఐదింటికి ఇస్తారు. ఆ వేళకు రెడ్డెప్ప బండి తీశాడు. తోట దారిలో మునెప్ప చేతులు చాపి అడ్డం నిలబడి ఉన్నాడు.

"పోవద్దు నాయనా."

"మూడు దినాలుగా నీళ్లు లేవు, కాపు మాడిపోతాండాది. మోటారేసి వచ్చేస్తా. పది నిమిసాలు."

"మాడితే మాడనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

అన్నట్టే వంగి పట్టుకున్నాడు.

పెద్దవాళ్లు కాళ్లు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. రెడ్డెప్ప భయపడి వెనక్కు లాక్కున్నాడు. బండి పక్కకు తిప్పి వెళ్లిపోయాడు. మునెప్ప కర్ర పట్టుకుని వెనకే పరుగెత్తాడు.

కాసేపటికి ఊరంతా ఒక అరుపు విన్నది.

జనం పోయేసరికి మునెప్ప ఎదురొస్తున్నాడు. భుజం మీద రెడ్డెప్ప. మోటారు స్టార్టరు దగ్గర వంగినప్పుడు పులి మీద పడిందట. కర్రతో కొట్టి విడిపించాడు గానీ, అప్పటికే ప్రాణం పోయింది.

రత్నమ్మ మునెప్ప గుండెల మీద రెండు చేతులతో కొట్టింది. "నీ పాడు నోరే నా బిడ్డను తినింది. నువ్వు యాల వస్తివి మా ఊరికి?"

ఎవరో రాయి విసిరారు. అది నుదుటికి తగిలింది. అతను తప్పుకోలేదు, తుడుచుకోలేదు. ఆమె కొట్టినంతసేపూ కొట్టించుకున్నాడు. చివరికి గంగులప్ప మనుషులు అతన్ని మెడ పట్టుకుని మొదటి బస్సు ఎక్కించారు.

కబురు అందిన ఫారెస్టు వాచర్ రఫీక్ పదింటికి వచ్చాడు. తోటలో ఆవును పూడ్చిన గుంత చూశాడు. వాకిట్లో రెడ్డెప్పను చూశాడు.

"ఆవును యాల పూడ్సినారప్పా? మునెప్ప రాలేదా? పులి అన్న మాట యాడ వినినా మాకంటే ముందే పోతాడే."

జనం గంగులప్ప వైపు చూశారు.

"వచ్చినాడు," అన్నాడు గంగులప్ప. "తరిమేస్తిమి. ఎవురాయన?"

రఫీక్ తల దించుకున్నాడు.

"పోయినేడు వాళ్ల ఆవును కూడా ఇట్లే పసుపు కుంకుమ పెట్టి పూడ్సినాడు, మర్నాడు దాని పక్కనే ఒక్కగానొక్క కొడుకును పూడ్సుకున్నాడు."