పెదనాన్న ఈల

“ఇంకోసారి వెయ్యరా. పాపం, నిద్రమత్తులో ఉందేమో,” అన్నాడు మచ్లూ, నవ్వును గడ్డంలో దాచుకుంటూ.

కేహర్ మళ్ళీ ఈల వేశాడు. రెండు పొట్టివి, ఆ వెంటనే పైకి లేచే పొడుగుది ఒకటి. రాతి మీద కూర్చున్న ధౌలూ తోకైనా కదపలేదు. లోయ వైపే చూస్తూ ఉండిపోయింది.

“కొండ పలికింది గానీ కుక్క పలకలేదు. అలిగిన కొత్తల్లుడిలా ఎలా కూచుందో చూడు!”

“నువ్వు కాసేపు నోర్మూసుకుంటావా, మచ్లూ బాబాయ్?”

కేహర్ బాధ కేహర్‌ది. కుగ్తీ కనుమ మీద మంచు కరుగుతోంది. రేపో మాపో మందను దాటించాలి. అవతల మేత ఎంత ఉందో ఎలుగులూ చిరుతలూ అంతకంతా ఉన్నాయి. మాట వినని కుక్కను ఈ గొర్రెల కాపరుల డేరాలో ఎవరూ కనుమ ఎక్కించరు, కింద బజారులో వదిలేస్తారు. ధౌలూను వదిలేయడమంటే కేహర్‌కి ప్రాణం పోయినట్టే ఉంది.

కుక్కను అప్పగించేవాడు తన ఈలనూ అప్పగించాలన్నది ఇక్కడి పద్ధతి. గొంతులో పుండు లేచి చంబా ఆసుపత్రికి వెళ్ళేముందు జైసీరామ్ పెదనాన్న ఆ రెండూ కేహర్‌కే ఇచ్చాడు. “అచ్చం నాలాగే వెయ్యి. చూసి నేర్చుకో,” అన్నాడు. కేహర్ కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. సాయంత్రానికల్లా పట్టేశాడు కూడా. పెదనాన్నకైతే ఈల వేయడం పెద్ద తతంగం. నోట్లో వేళ్ళు, భుజం దాకా లేచే మోచెయ్యి, అటో ఇటో ఒరిగే నడుము. ఈల వేస్తున్నాడా, చిందులేస్తున్నాడా అని డేరా అంతా నవ్వేది. కేహర్‌కి ఆ హైరానా ఏమీ లేదు. చేతులు రెండూ చోళాలో, ఆ వదులు ఉన్ని అంగీలో, దోపుకుని, ఒట్టి నాలుకతో ఆ ఈలను దించేస్తాడు. తన పనితనం చూసి తనకే ముచ్చటగా ఉండేది, ఇన్నాళ్ళూ.

“నా నల్లకూనను తీసుకుపోరాదూ?” అన్నాడు మచ్లూ, ఈసారి నవ్వకుండా.

“ధౌలూ లాంటిది ఇంకోటి ఉందా బాబాయ్? నిరుడు పిడుగులు పడిన రోజు నీ నల్లవాటితో సహా అన్నీ డేరాల్లో దూరి తోక ముడిచాయి. ఇదొక్కటే గొర్రెల మధ్య చెక్కుచెదరకుండా నిలబడింది. బెదురన్నది తెలియని ప్రాణి!”

“కాదన్నానా? పొగమంచు దిగితే పరుగున వచ్చి మీ పెదనాన్న కాలికి ఆనుకుని నిలబడేది. కన్నబిడ్డకైనా అంత ప్రేమ ఉండదు.”

నల్లపిల్లల మధ్య ఒక్కటే తెల్లగా పుట్టిందని ఎవరూ ముట్టుకోకపోతే, జైసీరామే దాన్ని చోళాలో వేసుకుని సాకాడు. అంత ప్రేమ ఊరికే రాలేదు.

లోయలోంచి గాలి ఎదురుగా కొట్టింది. ధౌలూ ముక్కెత్తి, ఒక్క దూకున రాయి దిగి కిందికి పరుగెత్తింది. కాసేపటికి గానీ మలుపులో జైసీరామ్ తల కనిపించలేదు.

“ముసలాడి అడుగుల చప్పుడు ఇంత దూరం నుంచి పట్టేసింది!” అని మచ్లూ దండం పెట్టినట్టు చెవులు పట్టుకున్నాడు.

జైసీరామ్ మెడకు కట్టు ఉంది. మనిషి సగమయ్యాడు. ధౌలూ ఆయన కాళ్ళకు అడ్డం పడుతుంటే తూలుతూనే నవ్వాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఈల ఇక ఈ జన్మకు లేదని డాక్టరు చెప్పేశాడట.

“నా మాట వినడం లేదు, పెదనాన్నా. ఈలలో తేడా ఉందేమో చూడు,” అని కేహర్ చోళాలో చేతులు దోపుకుని ఈల వేశాడు.

జైసీరామ్ కళ్ళు తడిశాయి. తేడా లేదన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత ఎందుకో కేహర్ చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఈల సరైనదే అయినా వినదంటే ఇక బజారే గతి, అన్నయ్యా,” అన్నాడు మచ్లూ నెమ్మదిగా.

అంతలో ముందు నడిచే మేక వాగు వైపు దిగింది. దాని వెంట గొర్రెలు కదిలాయి. వాగు మీది మంచు పైకి గట్టిగా ఉన్నా అడుగున అంతా డొల్ల. కేహర్ ఈల మీద ఈల వేశాడు. ధౌలూ జైసీరామ్ మొహంలోకే చూస్తోంది.

జైసీరామ్ అలవాటుగా వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. మోచెయ్యి లేచింది. నడుము ఎడమకు ఒరిగింది. ఉత్త ఊపిరి బయటికొచ్చింది, అంతే.

ధౌలూ బాణంలా దూసుకుపోయింది. మేకకు అడ్డం తిరిగి, మందను మొత్తం గట్టెక్కించింది.

మచ్లూ రెండు చేతులూ జోడించాడు. “వేయని ఈల కూడా వినిపించిందా తల్లీ నీకు! ఇది కుక్క కాదురా, దేవత. ఇది మీతోనే కనుమ ఎక్కాలి.” కళ్ళు తుడుచుకుంటూ మేకను కట్టెయ్యడానికి వెళ్ళాడు.

కేహర్ తల దించుకున్నాడు. “నీ మాటే వింటుంది, పెదనాన్నా. నాతో ఎలా వస్తుంది?”

జైసీరామ్ అతని చేతులు చోళాలోంచి బయటికి లాగాడు. వేళ్ళు నోటికి ఆనించి, మోచెయ్యి భుజం దాకా ఎత్తి, నడుము పట్టుకుని కుడికి వంచాడు. ఈల వేయాలన్న సంగతే కేహర్‌కి తట్టలేదు. ధౌలూ వెంటనే కుడివైపు తిరిగి, వెనకబడిన గొర్రెపిల్లను తోలుకొచ్చి అతని ముందు నిలబెట్టింది.

కేహర్ నోరు తెరిచాడు. జైసీరామ్ అతని తలను దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసలాడాడు.

“డేరాలో ఎవరికీ చెప్పకు. ఈల వాళ్ళ కోసం వేసేవాణ్ణి, దీనికోసం కాదు. ఇది పుట్టుచెవిటిది.”